కచేరీ ఊరూరా... మనసు ఇంటి దగ్గర

వేదిక మీద మనం చూసేది రెండున్నర గంటల కచేరీ. దాని వెనక వారాల తరబడి సాగే ప్రయాణం ఉంటుంది. తేమకు దిగిపోయే మృదంగం, ఎండకు మెత్తబడే వీణ మైనం, నిద్రపోతున్న పిల్లలకు చేయలేని ఫోను... ఊరూరా తిరిగే సంగీతకారులు మోసే ఈ బరువులో కొంత పంచుకోవాల్సింది వాళ్లను పిలిచే మనమే.

శనివారం సాయంత్రం నాలుగు గంటలు. న్యూజెర్సీలో ఒక స్కూలు ఆడిటోరియం. తెలుగు, తమిళ, కన్నడ కుటుంబాలు ఒక్కొక్కటే వచ్చి కూర్చుంటున్నాయి. తెర వెనక గదిలో వీణ విద్వాంసురాలు తీగ మీటుతూ ఒక మెట్టు దగ్గర ఆగిపోయింది. గాంధారం పలకాల్సిన చోట రవ్వంత హెచ్చుగా పలుకుతోంది. నిన్నంతా వీణ కారు డిక్కీలో ఉంది. ఎండకు మైనం మెత్తబడి మెట్టు జరిగింది. సరిచేసే మనిషి ఆ ఊళ్లో లేడు, ఆ రాష్ట్రంలోనూ లేడు. ఇంటికి ఫోన్ చేసి ఓ మాట చెప్పుకొందామంటే విజయవాడలో అర్ధరాత్రి దాటి ఒకటిన్నర. పిల్లలు, వాళ్లను చూసుకుంటున్న అమ్మమ్మ గాఢనిద్రలో ఉంటారు.

ఇలాంటి సాయంత్రాలు ఎదురుకాని సంచార సంగీతకారులు ఉండరు. వాద్యం ఏదైనా, ఊరు ఏదైనా, ఈ రెండు దిగుళ్లూ వాళ్ల వెంటే నడుస్తాయి.

మైనం మీద నిలిచిన సంగీతం

సరస్వతీ వీణకు 24 మెట్లు. వాటిని కర్రలోకి దిగ్గొట్టరు. దండి పొడవునా రెండు వరసల్లో మైనపు గట్లు పోసి, వాటి మీద కూర్చోబెడతారు. తేనెమైనంలో బొగ్గుపొడి, గుగ్గిలం లాంటివి కలిపి కాచి తయారుచేసే ఈ మిశ్రమమే వీణ నాదానికి ఆధారం. మెట్టు వెంట్రుకవాసి పక్కకు జరిగినా స్వరం తప్పుతుంది. గమకం కోసం తీగను పక్కకు లాగే వాద్యం కాబట్టి మెట్ల ఎత్తు కూడా కచ్చితంగా ఉండాలి.

స్వచ్ఛమైన తేనెమైనం కరిగేది 62 నుంచి 64 డిగ్రీల సెల్సియస్ దగ్గర. మెత్తబడటం మాత్రం అంతకు చాలా ముందే మొదలవుతుంది. మే నెల ఎండలో విమానాశ్రయం రన్‌వే పక్కన సామాన్ల బండి మీద వేచి ఉన్న వీణకు, మూసిన కారు డిక్కీలో పడుకోబెట్టిన వీణకు ఆ వేడి చాలు.

జరిగిన మెట్టును సరిచేయడం చూడాల్సిన పని. ఇనుప పుల్లను కాల్చి మైనానికి ఆనించాలి. మైనం జారిపోకూడదు, గట్టిగానూ ఉండకూడదు. ఆ క్షణంలో మెట్టును గోటితో జరిపి, తీగ మీటి, చెవి ఒగ్గి విని, మళ్లీ జరపాలి. ఒక్క మెట్టు సర్దితే పక్క మెట్టు పట్టు వదులుతుంది. దాన్నీ చూసుకోవాలి. సొంత ఊళ్లో అయితే మేళం కట్టే, అంటే మైనం పోసి మెట్లు కూర్చే పనివాడు ఉంటాడు. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాలు తరతరాలుగా పనసకర్రతో వీణలు చెక్కుతున్నాయి. అక్కడికి తీసుకెళ్తే ఏ లోపమైనా చేత్తో తడిమి చెప్పేస్తారు. అమెరికాలో హోటల్ గదిలో నిప్పు వెలిగించడానికి లేదు. పొగ తగిలితే అలారం మోగుతుంది. ఆతిథ్యం ఇచ్చిన వారి వంటింట్లో స్టవ్ మీద చెంచా వేడిచేసి పని కానిచ్చుకున్నవాళ్లు ఎందరో. వీణ నేర్చుకున్న రోజుల్లో గురువు దగ్గర ఈ విద్య కూడా నేర్చుకున్నవాళ్లు అదృష్టవంతులు.

రెండు మృదంగాలు, ఎన్నో పీకలు

మృదంగం పరిస్థితి ఇంకా సున్నితం. పనసకర్ర తొలిచిన గూడుకు రెండు పక్కలా తోలు. ఆవు, మేక, గేదె తోళ్లను పొరలుగా వాడతారు. కుడి మూత మీద నల్లగా కనిపించే కరణిని రాతిపొడి, అన్నం కలిపి మెత్తగా నూరి, పొర మీద పొర వేసి రుద్ది తయారుచేస్తారు. ఎడమ మూతకు కచేరీ ముందు బొంబాయిరవ్వ తడిపి ముద్దగా అద్దుతారు. అయిపోయాక తీసేస్తారు.

తోలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డిసెంబరులో చెన్నై సముద్రపు గాలికి మూత వదులై శ్రుతి దిగుతుంది. హీటర్లు నడిచే చలిదేశపు గదిలో తేమ ఇరవై శాతానికి పడిపోతే అదే మూత బిగుసుకుని శ్రుతి పైకి పోతుంది, ఒక్కోసారి కరణి పగుళ్లిస్తుంది. కర్ర వాద్యాలకు 40 నుంచి 60 శాతం తేమ మంచిదని తయారీదారులు చెబుతారు. ఆ లెక్క ఒకే పర్యటనలో నాలుగుసార్లు తప్పుతుంది.

అందుకే మృదంగ విద్వాంసుడు కచేరీకి చాలా ముందే వచ్చి కూర్చుంటాడు. చేతిలో రాయి, చెక్కపుల్ల. గట్టు మీద పైనుంచి కొడితే శ్రుతి పెరుగుతుంది, కిందినుంచి కొడితే తగ్గుతుంది. చుట్టూ అన్ని వైపులా ఒకే నాదం వచ్చేదాకా తిప్పుతూ కొట్టుకోవాలి. గదిలో శ్రుతి కుదిరాక వేదిక మీదికి వెళ్తే అక్కడ నెత్తి మీద ఏసీ, ఎదురుగా లైట్ల వేడి. పాట మొదలయ్యాక పాటకీ పాటకీ మధ్య దొరికే అరనిమిషంలో మళ్లీ రాయి అందుకోవాలి.

ఒక్క మృదంగంతో పని జరగదు కూడా. పురుషులు సాధారణంగా ఒకటి, రెండు శ్రుతుల దగ్గర పాడితే స్త్రీలు ఐదు దరిదాపుల్లో పాడతారు. తగ్గు శ్రుతికి పొడవైన మృదంగం, హెచ్చు శ్రుతికి పొట్టిది కావాలి. ఈ శనివారం గాయకుడికి, వచ్చే శనివారం గాయనికి వాయించే పక్కవాద్యకారుడు రెండూ మోయాల్సిందే. ఘటం వాయించేవారికి ఈ సర్దుబాటు అసలే తక్కువ. కుండ ఏ శ్రుతిలో కాలి వచ్చిందో దాదాపు అదే దాని శ్రుతి. తమిళనాడులోని మానామదురైలో తయారయ్యే ఘటాలకు పెద్ద పేరు. శ్రుతికో కుండ చొప్పున బట్టల మధ్య పొదిగి తీసుకెళ్తారు. వాటిలో ఒకటి పగిలితే అతికించి వాయించే వీలు లేదు.

నాదస్వరానికి ప్రాణం నోటి దగ్గరి పీక. రెల్లు జాతి గడ్డితో చేసే ఆ చిన్న ముక్క తడిగా, మెత్తగా ఉంటేనే పలుకుతుంది. పొడిగాలికి ఎండిపోయి బిగుసుకుంటే ఎంత గొప్ప విద్వాంసుడికైనా నాదం రాదు. అందుకే వాద్యానికి దారం కట్టి పీకలు వేలాడదీసుకుంటారు. ఒకటి మొరాయిస్తే ఇంకొకటి.

వయొలిన్‌ది మరో తంతు. దాని చెక్కలను అతికించేది జంతువుల తోలు నుంచి తీసిన జిగురు. గాలి పొడిబారి చెక్క కుంచించుకుపోతే ముందు ఆ అతుకు విడుతుంది, చెక్క చీలకుండా కాపాడుతుంది. పాతకాలపు పనివాళ్లు కావాలనే అలా చేశారు. కానీ కచేరీ రోజున అతుకు విడితే బర్రుమనే చప్పుడు తప్పదు. విమానం ఎక్కేముందు వీణ తీగలు వదులు చేసుకునే అలవాటును వయొలిన్‌కూ వర్తింపజేసి అన్ని తీగలూ పూర్తిగా వదిలేస్తే ఇంకో ప్రమాదం. లోపల నిలబెట్టిన చిన్న కర్ర ఆ తీగల ఒత్తిడి మీదే నిలుస్తుంది. ఒత్తిడి పోతే అది పడిపోతుంది. దాన్ని మళ్లీ నిలబెట్టడానికి తగిన పనిముట్టు, తగిన చెయ్యి కావాలి.

సరిహద్దులు దాటేటప్పుడు

అమెరికాలో 2012 నాటి చట్టం సంగీతకారులకు కొంత ఊరట ఇచ్చింది. 2015 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం, విమానం ఎక్కే సమయానికి పైఅరల్లో చోటుంటే చిన్న వాద్యాలను ప్రయాణికుడి వెంట అనుమతించాలి. వయొలిన్‌కు ఇది వరం. నాలుగడుగుల వీణ ఆ అరల్లో పట్టదు. పక్క సీటుకు టికెట్ కొనాలి, లేదా గట్టి పెట్టెలో పెట్టి సామాన్లలో వేయాలి. పర్యటన మొత్తానికి ఇచ్చే సంభావనలో పక్క సీటు ఖర్చు ఎంత భాగమో వేసుకుంటే చాలామంది రెండోదారే పడతారు.

పెద్దలకూ ఈ కష్టం తప్పలేదు. 2014లో లండన్ నుంచి ఢిల్లీ వస్తుంటే ఉస్తాద్ అమ్జద్ అలీ ఖాన్ సరోద్ తప్పిపోయింది. దశాబ్దాలుగా ఆయన వాయిస్తున్న వాద్యం అది. దొరికేదాకా ఆయన, ఆయన కుటుంబం పడిన ఆందోళన దేశమంతా చూసింది. 1999లో న్యూయార్క్‌లో చెల్లో విద్వాంసుడు యో-యో మా తన 1733 నాటి వాద్యాన్ని టాక్సీ డిక్కీలో మరిచిపోయి దిగారు. అదే రోజు పోలీసులు వెతికి తెచ్చిచ్చారు. అలసట ఎంతటివారినైనా ఏమరుపాటుకు గురిచేస్తుందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

పాత వాద్యాలకు ఇంకో అడ్డు. తాతల నాటి వీణల మీద ఏనుగు దంతపు చెక్కడాలు ఉండటం మామూలే. అంతరించే ప్రాణుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం అలాంటి వాద్యం సరిహద్దు దాటాలంటే ప్రత్యేక అనుమతులు కావాలి. 2017లో రోజ్‌వుడ్ జాతి కర్రలన్నీ ఆ ఒప్పందం జాబితాలో చేరాక ఎందరో సంగీతకారులు కాగితాల కోసం తిరిగారు. తయారైన వాద్యాలకు 2019లో మినహాయింపు వచ్చింది. దంతానికి అలాంటి సడలింపు లేదు. కాబట్టి నాన్నగారు వాయించిన వీణ ఇంట్లోనే ఉండిపోతుంది, ప్రయాణానికి వేరేది కొనాలి. ఆస్ట్రేలియా వెళ్లేవారైతే తోలు, కర్ర, మట్టి అన్నీ ముందుగా ప్రకటించి తనిఖీకి ఇవ్వాలి.

ఈ అగచాట్లే కొన్ని మార్పులకూ దారితీశాయి. వేణువు వాయించే ఇంజినీరు, బెంగళూరుకు చెందిన జి. రాజ్‌నారాయణ్ ఎలక్ట్రానిక్ తంబురాను, ఆ తర్వాత విడదీసి మోసుకెళ్లగల డిజిటల్ వీణను తయారుచేశారు. మృదంగ విద్వాంసుడు ఉమయాళ్‌పురం శివరామన్ ఫైబర్‌గ్లాస్ మృదంగాన్ని పరిచయం చేశారు. మాండలిన్ శ్రీనివాస్ ఐదు తీగల ఎలక్ట్రిక్ మాండలిన్‌తో ప్రపంచం చుట్టారు. సౌకర్యం పెరిగింది. అయితే నాలుగు తీగల తంబురా పర్యటనల నుంచి దాదాపు మాయమైంది. దాన్ని మీటుతూ వెనక కూర్చుని గురువు పాటను దగ్గరగా విని నేర్చుకునే శిష్యుడి చోటు కూడా దాంతోపాటే పోయింది.

అందరి పండగా వాళ్ల పని రోజే

వాద్యానికి పనివాడు దొరక్కపోతే మైనమో, సుద్దముక్కో ఉపయోగపడుతుంది. ఇంటి మీది బెంగకు అలాంటి మందు లేదు.

సంగీతకారుల క్యాలెండర్ మనకు తలకిందులుగా ఉంటుంది. శ్రీరామనవమి పందిళ్లు, వినాయక చవితి, దసరా నవరాత్రులు, డిసెంబరులో చెన్నై సభలు, పుష్య బహుళ పంచమికి త్యాగరాజ ఆరాధనలు. ఇళ్లలో అందరూ కలుసుకునే రోజులే వాళ్లు ఇంటికి దూరంగా ఉండే రోజులు. సన్నాయి, డోలు వాయించేవారికి మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం ముహూర్తాలు. ఊరందరి పెళ్లిళ్లలో తాళికట్టే వేళ గట్టిమేళం వాళ్లదే. చెల్లెలి పెళ్లికి మాత్రం ముందే ఒప్పుకున్న మేళం ఉందని వెళ్లలేకపోయినవాళ్లున్నారు. ఒప్పుకున్న తేదీ మానుకుంటే ఆ సంవత్సరపు సంపాదనలో పెద్ద ముక్క పోతుంది, వచ్చే ఏడాది పిలుపూ పోతుంది.

విదేశీ పర్యటనల్లో ఇది మరీ తీవ్రం. 1978లో మొదలైన క్లీవ్‌లాండ్ త్యాగరాజ ఆరాధన ఈస్టర్ రోజుల్లో జరుగుతుంది. దాని చుట్టూ వేసవి పర్యటనలు అల్లుకుంటాయి. మన పిల్లలకు పరీక్షలు, ఫలితాలు, కొత్త తరగతి చేరికలు ఆ నెలల్లోనే. రెండో విడత పర్యటనలు శరదృతువులో. అప్పుడు దసరా, దీపావళి.

అక్కడ కచేరీలన్నీ శని, ఆదివారాల్లోనే. మిగతా ఐదు రోజులు ఏదో ఊరి శివారులో ఒకరింటి అతిథి గదిలో గడవాలి. ఆ ఇంటివాళ్లు ఎంతో ప్రేమగా చూస్తారు. పప్పు, పులుసు, గోంగూర వండిపెడతారు. పొద్దున్నే ఉద్యోగాలకు వెళ్లిపోతారు. కారు నడపడం రాని అతిథి కిటికీ పక్కన కూర్చుంటుంది. సాధన చేసుకుంటుంది, తీగ మారుస్తుంది, పాఠం చెబుతుంది. అయినా పగలు పొడవుగా ఉంటుంది. సంగీతకారులను అడిగితే వేదిక మీది భయం కంటే ఈ మంగళ, బుధవారాల గురించే ఎక్కువ చెబుతారు.

ఆదివారం కచేరీ ముగించి, భోజనాలయ్యి, బస చేరేసరికి రాత్రి పది. ఇంట్లో సోమవారం ఉదయం ఏడున్నర. అటు స్కూలు బస్సు వచ్చే వేళ. ఫోన్ స్పీకర్లో పెట్టి, పాపకు జడ వేస్తూ అమ్మమ్మ మాట్లాడుతుంది. "అమ్మా, ఎప్పుడొస్తావ్?" అన్న ప్రశ్నకు జవాబు పూర్తికాకముందే హారన్ వినిపిస్తుంది. వీడియో కాల్ వచ్చాక మొహాలు కనిపిస్తున్నాయి, అది నిజంగా పెద్ద మేలు. ఒకప్పుడు ఉత్తరం చేరేసరికి మనిషే తిరిగొచ్చేవాడు. కానీ జ్వరంతో ఉన్న పిల్లాడి నుదుటి మీద చెయ్యి వేయడానికి తెర సరిపోదు.

మహిళా సంగీతకారులకు ఈ బరువు రెట్టింపు. మగవాడు పర్యటనకు వెళ్తే "కష్టపడుతున్నాడు" అంటారు. ఆడమనిషి వెళ్తే "పిల్లల్ని ఎవరు చూస్తున్నారు?" అని మొదట అడుగుతారు. ఆ ప్రశ్న విని విని, పిల్లలు చిన్నగా ఉన్నన్నాళ్లూ దూరపు కచేరీలు మానుకున్నవారు ఎందరో. సంగీతంలో పదేళ్లు ఆగితే మళ్లీ అందుకోవడం ఎంత కష్టమో సభలకు తెలియంది కాదు.

ఇల్లే మేళమైతే

ఈ ఎడబాటుకు మన పూర్వులు కనిపెట్టిన ఉపాయం ఒకటే. ఇంటిని కూడా వెంట తీసుకెళ్లడం.

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు మొదలుపెట్టిన నాటక సమాజం ఇందుకు గొప్ప ఉదాహరణ. తల్లి, తండ్రి, పిల్లలు, కోడళ్లు అంతా నటులే, వాద్యకారులే, తెరలు లాగేవారే. ఊరి బయట డేరాలే ఇళ్లు. హార్మోనియం రీడ్ తేమకు అంటుకుపోతే పెట్టె విప్పి సరిచేసేది ఇంట్లోవారే. పిల్లలు ఆ పందిట్లోనే నడక నేర్చారు, పద్యాలు నేర్చారు. స్థిరమైన చదువు, సొంత ఊరు లేకపోవడం ఆ జీవితానికి చెల్లించిన మూల్యం.

నాదస్వరంలో షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ మహబూబ్ దంపతులు కలిసే వాయిస్తారు. ప్రకాశం జిల్లా కరవది నుంచి వెళ్లి శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చినమౌలానా శిష్యులు వాళ్లు. 2020లో ఈ జంటకు పద్మశ్రీ వచ్చింది. మరుసటి ఏడాది పద్మశ్రీకి ఎంపికైన మృదంగ విదుషి దండమూడి సుమతి, ఆమె భర్త రామమోహనరావు ఇద్దరిదీ ఒకటే వాద్యం. శ్రీనివాస్ పక్కన తమ్ముడు రాజేశ్ మాండలిన్ పట్టుకుని కూర్చునేవాడు. పెట్టె ఒకరు మోస్తే టికెట్ ఇంకొకరు చూసుకుంటారు. తీగ తెగితే పక్కన సొంత మనిషి ఉంటాడు.

అందరికీ ఇలా కుదరదు. అమెరికా మన సంగీతకారులను రప్పించే పీ-3 వీసాకు అనుబంధంగా భార్య, భర్త, పిల్లలకు పీ-4 ఉంది. వాళ్లు రావచ్చు, పని మాత్రం చేయకూడదు. విమానం ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్నది చట్టం చెప్పదు. ఆచరణలో అది కళాకారుల జేబు మీదే పడుతుంది. సంభావన తక్కువగా అందుకునే పక్కవాద్యకారుడికి అది అసాధ్యం.

పిలిచేవాళ్ల చేతుల్లో ఉన్నది

ఇక్కడే నిర్వాహకుల పని మొదలవుతుంది. కళాకారులను పిలవడమంటే గొంతునో వేళ్లనో అద్దెకు తీసుకోవడం కాదని నేను గట్టిగా నమ్ముతాను. ఆ వాద్యం క్షేమంగా చేరాలి, ఆ మనిషి స్థిమితంగా కూర్చోవాలి. అప్పుడే సంగీతం పలుకుతుంది. ఇందుకు కావాల్సినవి పెద్ద ఖర్చులు కూడా కావు.

విదేశాల్లో మన సంఘాలు ఒక్కో పెద్ద నగరంలో ఒక మంచి వీణ, తగ్గు, హెచ్చు శ్రుతుల మృదంగాలు రెండు, రెండు మూడు ఘటాలు ఉంచవచ్చు. అక్కడి విద్యార్థులు ఏడాది పొడవునా వాటి మీద సాధన చేస్తే వాద్యాలు చెడవు. ఏడాదికోసారి మేళం కట్టేవారిని, మృదంగం మూతలు వేసేవారిని కూడా పర్యటనకు పిలవాలి. విద్వాంసులకు ఇచ్చే గౌరవంలో వాళ్లకూ వాటా ఉంది. మృదంగం చేసే కుటుంబాల కథను గాయకుడు టి.ఎం. కృష్ణ 2020లో 'సెబాస్టియన్ అండ్ సన్స్' పుస్తకంగా రాసేదాకా వాళ్ల గురించి మాట్లాడిన సంగీతాభిమానులు తక్కువే. వాళ్ల చేతులు లేకపోతే కచేరీలే లేవు.

కచేరీకి రెండు గంటల ముందు హాలు తాళం తీసి, ప్రేక్షకులు వచ్చాక ఉండే ఉష్ణోగ్రతకే ఏసీ పెట్టి ఉంచితే శ్రుతి సగం నిలబడుతుంది. వాద్యాన్ని డిక్కీలో కాక కారు లోపల ఎక్కించాలి. ఒప్పంద పత్రంలో పెద్ద వాద్యానికి సీటు ఖర్చును విడిగా చూపాలి. పర్యటన ఆరు వారాలు దాటితే మధ్యలో ఇంటికి వెళ్లిరావడమో, ఇంటివాళ్లు వచ్చిపోవడమో ఒక్కసారి కుదిరేలా డబ్బు కేటాయించాలి. ఆ సౌకర్యం ప్రధాన కళాకారులకే పరిమితం కాకూడదు.

మన ఊళ్లలో సభలకూ ఇదే చెప్పాలి. కచేరీ చేసి రాత్రికి రాత్రి బస్సెక్కే మృదంగ విద్వాంసుడికి ఒక పూట బస ఇవ్వడం, దసరా కచేరీకి వచ్చినవారి కుటుంబాన్ని కూడా భోజనానికి పిలవడం మన మర్యాదలో ఎప్పుడూ ఉన్నవే. వాటిని మళ్లీ అలవాటు చేసుకోవాలి. రసికులు చేయగలిగిందీ ఉంది. వేదిక మీద శ్రుతి చేసుకుంటున్నప్పుడు ఓపికగా ఉండటం, కచేరీ ముగిశాక సెల్ఫీల కోసం గంటసేపు ఆపకుండా ఇంటికి ఫోన్ చేసుకునే సమయం ఇవ్వడం.

ఇదంతా కళాకారుల మీద జాలితో చేసేది కాదు, మన సంగీతం కోసం చేసేది. సంగీతకారుల ఇళ్లలో పెరుగుతున్న పిల్లలు అన్నీ చూస్తుంటారు. అమ్మను నెలల తరబడి దూరం చేసిన వస్తువుగా వీణ వాళ్ల మనసులో మిగిలితే, పెద్దయ్యాక ఆ పెట్టె తెరవరు. అమ్మతో కలిసి ఊళ్లు చూపించిన, నలుగురిలో గౌరవం తెచ్చిన వాద్యంగా మిగిలితే వాళ్లే అడిగి మరీ పాఠానికి కూర్చుంటారు. రేపు మన పిల్లలకు కచేరీ వినిపించేవాళ్లు ఉంటారా లేదా అన్నది ఈరోజు వాళ్ల తల్లిదండ్రులను మనం ఎలా పిలిచి, ఎలా చూసుకుని, ఎలా సాగనంపుతున్నామన్న దాని మీదే ఆధారపడి ఉంది.

ప్రయాణపు పెట్టెలో ఇవి తప్పనిసరి

- అన్ని తీగలకూ రెండేసి అదనపు తీగలు, వాటిని కత్తిరించే చిన్న పటకారు.
- బిరడాలు జారకుండా రుద్దడానికి సుద్దముక్క, కమానుకు రోజిన్ బిళ్ల.
- వీణకు మైనపు ముక్కలు, మెత్తటి గుడ్డ. పెట్టెలో తీగలు కొంచెం వదులుగా ఉండాలి.
- మృదంగానికి రాయి, చెక్కపుల్ల, రవ్వ పొట్లం. మూతల మీద గుండ్రటి మెత్తటి దిండ్లు పెట్టి కట్టాలి.
- వాద్యం పెట్టెలో తేమను చూపే చిన్న మీటరు. పొడి ఊళ్లలో తేమ ఇచ్చే సంచి, తడి ఊళ్లలో సిలికా పొట్లాలు.
- ప్రయాణానికి ముందు వాద్యం అన్ని వైపుల నుంచీ తీసిన ఫొటోలు, ఏ కర్రతో, ఏ పదార్థాలతో చేశారో రాసిన కాగితం. బీమాకూ, కస్టమ్స్‌కూ ఇవి అవసరం.
- ఇంట్లో వాళ్ల సమయం చూపే రెండో గడియారం. ఫోన్ ఏ వేళకు చేయాలో బయలుదేరే ముందే పిల్లలతో కూర్చుని ఖాయం చేసుకోవాలి.